తొమ్మిదిన్నర కిలోల జాడ

"ఎడమ కాలి మీద నిలబడండి మామ్మగారూ. కుడికాలు పైకెత్తండి. చేతులు నడుం మీద. ఇప్పుడు కళ్లు మూసుకోండి."

మూసుకున్నాను. మనసులో ఒకటి అన్నాను. రెండు అని పూర్తిచేసేలోపే చీలమండ బయటివైపు వాలిపోయింది. పైనుంచి వేలాడదీసి నా నడుముకు కట్టిన పట్టీ చటుక్కున బిగుసుకుని నన్ను గాల్లోనే ఆపింది.

"రెండు సెకండ్లు," అని రాసుకున్నాడు సాల్మన్. "కుడికాలు తొమ్మిది. మీ వయసుకి తొమ్మిదంటే గొప్పేనండి."

"మరి ఎడమది?"

"ఎడమది మీమీద పగబట్టిందండి," అని నవ్వాడు.

సాల్మన్ ఆ ప్రయోగశాలలో ఇంజినీరు. నవ్వకుండా ఏ మాటా చెప్పలేడు. అతని పైనున్న డాక్టర్ హైమవతి అసలు నవ్వదు. వాళ్లిద్దరూ కలిసి కాకినాడలో ఒక కాలేజీ వెనక రేకుల షెడ్డులో, మరెక్కడా లేని వస్తువొకదాన్ని తయారుచేశారు. దాన్ని జాడపలక అనేవారు. చూడటానికి రొట్టెలు చేసుకునే పీటంత ఉంటుంది. నల్లగా, నున్నగా. దాని మీద ఒంటికాలి మీద నిలబడాలి.

నన్నక్కడికి లాక్కెళ్లింది మా అమ్మాయి రాజేశ్వరి. ఆ ఏడాది నేను మేడమెట్ల మీద మూడుసార్లు పడ్డాను. మూడోసారి ముంజేయి విరిగింది. "చీలమండ బెణికి పాతికేళ్లు దాటినా ఇంకా కాలు మడతపడుతూనే ఉన్నవారు కావలెను" అని పేపర్లో చూసి, కట్టు విప్పిన మర్నాడే నన్ను ఆటో ఎక్కించింది.

"నాది యాభై రెండేళ్ల నాటి బెణుకండి," అన్నాను హైమవతితో.

ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడింది. "మళ్లీ చెప్పండి, ఎన్నేళ్లు?"

నేను నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని. ఆ తర్వాత చదివిందంతా పొట్లాల కాగితాల మీదా, లైబ్రరీ బల్లల దగ్గరా. నాకు భయం వేస్తే చదువుతాను. చీలమండ గురించి లైబ్రరీలో ఉన్న రెండు పుస్తకాలూ అప్పటికే చదివేశాను. బెణికినప్పుడు ఎముకలను పట్టి ఉంచే నరాల్లాంటి బందులు సాగిపోతాయనీ, వాటిలో ఉండే సన్నటి తంతులు పాదం ఏ వాలులో ఉందో మెదడుకి చెప్పడం మానేస్తాయనీ తెలుసు. అందుకే బెణికిన కాలు మళ్లీ మళ్లీ బెణుకుతుంది.

హైమవతి ముందు చేత్తోనే చూసింది. ఒక చేత్తో నా పిక్క ఎముకను పట్టుకుని, రెండో చేత్తో మడమను ముందుకి లాగింది. పాదాన్ని లోపలికి వంచింది. "పాత గడియలా వదులుగా ఉంది," అంది. తర్వాత నేల మీద నక్షత్రంలా అతికించిన ఎనిమిది రంగు పట్టీల మధ్య నన్ను నిలబెట్టి, ఒక్కో పట్టీ వెంట రెండో పాదం ఎంతదూరం చాపగలనో కొలిచింది. ఆ తర్వాత ప్రశ్నలు. మెట్లు దిగేటప్పుడు భయమా? ఎగుడుదిగుడు నేల మీద? చీకట్లో?

"కాలు మడతపడే క్షణంలో ఇంకేమైనా అనిపిస్తుందా? నొప్పి, తిమ్మిరి, ఏదైనా?"

"ఏం లేదండి," అన్నాను.

అది అబద్ధం. ఆ కాలి విషయంలో నేను చెప్పిన అబద్ధాల్లో రెండోది.

*

జాడపలక సంగతి నాకు దాని మీద నిలబడ్డాకే అర్థమైంది. అది వెంట్రుకవాసి చొప్పున పాదాన్ని ఒక పక్కకి వంచుతుంది. ఇక పడిపోతామనే అంచు దాకా తీసుకెళుతుంది. సరిగ్గా ఆ అంచు దగ్గర, కాలి కండరాలన్నీ మొట్టమొదటిసారి మడతపడినప్పుడు ఏ వరసలో బిగిశాయో అదే వరసలో మళ్లీ బిగుస్తాయట. ఒక్కసారి భయపడ్డ కాలు ఆ భయాన్నే తిరిగి తిరిగి ఆడుతుందన్నమాట. పిక్కలకీ, తొడలకీ, నడుముకీ అతికించిన బిళ్లలు ఆ వరసను చదువుతాయి. తెర మీద గీతల బొమ్మ ఒకటి లేచి నిలబడి, మన మొదటి పాటును మనకే చూపిస్తుంది. ఎటు వాలారు, ఎంత వేగంతో, ఎంత బరువుతో.

"వాలీబాల్ పిల్లలొచ్చారండి, కానిస్టేబుళ్లొచ్చారు, కొబ్బరిచెట్టు దిగుతూ బెణికించుకున్న ఆయన వచ్చాడు," అన్నాడు సాల్మన్. "అందరిదీ అద్దంలో చూపించినట్టు చూపించింది. మీదొక్కటే తిక్కతిక్కగా చూపిస్తోంది."

మొదటిరోజు అలాగే అన్నాడు. రెండోరోజు బిళ్లలు మార్చాడు. మూడోరోజు తీగలన్నీ మార్చాడు. నాలుగో రోజు పలకనే తిరగేసి, స్క్రూలు విప్పి, మళ్లీ బిగించాడు. నాలుగుసార్లూ నేను దాని మీద నిలబడ్డాను. నాలుగుసార్లూ అదే బొమ్మ. ఎడమ నడుం పక్కన ఎర్రటి మచ్చ.

"మళ్లీ వచ్చింది మేడమ్! తొమ్మిదిన్నర కిలోలు ఎక్కువ చూపిస్తోంది, ఎడమ పక్కనే. పోనీ స్థిరంగా ఉందా అంటే లేదు. ఈవిడ నడక ఒకలా ఉంటే, అది దాని ఇష్టమొచ్చినట్టు ఊగుతోంది. ఓసారి వెనక్కి వాలుతోంది, ఓసారి ముందుకి. సెన్సర్ తప్పే. ఇంకేముంటుంది?"

హైమవతి తెర దగ్గరికి వంగింది. "మూట ఏదైనా మోస్తున్నారేమో?"

"మూటైతే ఇలా కదలదు మేడమ్. చచ్చినట్టు పడుంటుంది."

నేనింకా పట్టీకి వేలాడుతూనే ఉన్నాను. ఇద్దరూ తెలివైనవాళ్లు. ఆ షెడ్డులో కూర్చుని మనిషి కాలిని పుస్తకంలా చదివే వస్తువు తయారుచేశారు. కానీ దానికి నేర్పిందంతా ఉత్త చేతులతో పరుగెత్తేవాళ్ల అడుగులు. ఆ ఎర్రమచ్చ ఏమిటో వాళ్లకి తెలియలేదు. ఎడమ తుంటి పక్కకి నెట్టి, దాని మీద ఇంకో ప్రాణాన్ని కూర్చోబెట్టుకుని పనంతా చేసుకున్న ఏ ఆడదానికైనా తెలుస్తుంది.

"తప్పు కాదండీ," అన్నాను. "చంటిపిల్లండీ అది. చంకలో."

సాల్మన్ నవ్వు ఆగిపోయింది.

గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్న రాజేశ్వరి లేచి వచ్చింది. "ఎవరి చంటిపిల్ల?"

"మీ పిన్ని."

"పిన్ని వరదలో పోయినప్పుడు మంచం మీద నిద్రపోతోంది కదా? అమ్మమ్మ అలాగే చెప్పేది."

"అమ్మమ్మకి అలా చెప్పింది నేనే."

*

మాది గోదావరి మధ్య రెల్లులంక. మా చెల్లెలు సత్తెమ్మకి అప్పుడు రెండేళ్లు. సత్తీ అనేవాళ్లం. నాకు పద్నాలుగు. ఆ మధ్యాహ్నం అమ్మ సత్తిని మంచం మీద పడుకోబెట్టి, గట్టు మీద కట్టేసిన గేదెల కోసం పరుగెత్తింది. నీళ్లు గుమ్మం దాటాక నేను సత్తిని చంకనెత్తుకుని, వాన కొట్టకుండా ఇద్దరి తలల మీదుగా గోనెసంచి కప్పుకుని బయటపడ్డాను. నీళ్లు మోకాళ్ల దాకా ఉన్నవి నడుం దాకా వచ్చాయి. గోనెసంచిలోంచి నా పాదాల ముందున్న నీళ్లు తప్ప ఏమీ కనబడదు. హోరులో ఏమీ వినబడదు. పడిపోయిన ప్రహరీ ఇటుకల మీద ఎడమకాలు మడతపడింది. మునిగాను. లేచేసరికి తల మీద గోనెసంచి లేదు. చంకలో పిల్ల లేదు.

పునరావాస కేంద్రం పెట్టిన పక్కూరి బడి వరండాలో అమ్మ నన్ను పట్టుకుని, "సత్తి ఏదే?" అంది. నేను జారవిడిచానని చెప్పడానికి నోరు రాలేదు. "నేను వెళ్లేసరికే నువ్వు పడుకోబెట్టిన మంచం కొట్టుకుపోయిందమ్మా," అన్నాను.

అమ్మ ఆ తర్వాత ముప్ఫై ఏళ్లు బతికింది. ఒక్కరోజూ మంచం మీద పడుకోలేదు.

ఇదంతా షెడ్డులో నిలబడి, పట్టీకి వేలాడుతూనే చెప్పాను. ఇంకొకటి కూడా చెప్పాను, మొదటిరోజు దాచింది. కాలు మడతపడిన ప్రతిసారీ, ఆ ఒక్క క్షణం, నా ఎడమ చంకలో సత్తి బరువు వస్తుంది. తడిసిన గౌను, నడుం చుట్టూ రెండు కాళ్లు. వచ్చి పోతుంది. అందుకే ఈ కాలికి నేనెప్పుడూ వైద్యం చేయించుకోలేదు.

రాజేశ్వరి నా వైపు చూడలేదు. వెళ్లి గుమ్మం దగ్గర అటు తిరిగి నిలబడింది.

హైమవతి మాత్రం తెర ముందు నుంచి కదల్లేదు. "సాల్మన్, పడకముందు భాగం ఏది?"

"అది దాచేస్తాం కదా మేడమ్. ఆటగాళ్లకి అది అనవసరం, ఉత్త పరుగే ఉంటుందని మీరే..."

"చెరిపావా, దాచావా?"

"దాచానండి."

"బయటికి తియ్యి!"

ఆవిడ అరవగలదని నాకప్పుడే తెలిసింది. గీతల బొమ్మ వెనక్కి నడిచింది, ఆగింది, మళ్లీ ముందుకి కదిలింది. ఒక్కో గీతా. హైమవతి వేలు తెర మీద పెట్టింది.

"నూకరత్నంగారూ, ఇటు చూడండి. ఇదుగో, ఇక్కడ ఎర్రమచ్చ పోయింది. బరువు పోయింది. ఇంకా కాలు తిన్నగానే ఉంది. చూశారా? ఇదుగో, ఇప్పుడు వాలింది."

"అంటే?"

"కాలు మడతపడి మీరు పిల్లని వదల్లేదు. పిల్ల పోయాక కాలు మడతపడింది. సెకనులో ఎనిమిదో వంతు తేడా. బరువుకి ఎదురు కాస్తున్న కాలు, బరువు హఠాత్తుగా మాయమయ్యేసరికి తూలింది. నాలుగు రీడింగుల్లోనూ అదే వరస."

నేను పట్టీలోనే కూలబడ్డాను. సాల్మన్ వచ్చి నన్ను కిందికి దించాడు. యాభై రెండేళ్లు. సెకనులో ఎనిమిదో వంతు. నాకు నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే ముఖం ఏమవుతుందో తెలియదు గానీ సాల్మన్ నీళ్లగ్లాసు పట్టుకుని అలా చూస్తుండిపోయాడు.

"అయితే ఎవరు తీసుకున్నారు?" అంది గుమ్మం దగ్గర్నుంచి రాజేశ్వరి. ఇటు తిరగకుండానే అంది. "నీళ్లా? మనిషా?"

*

ఆ ప్రశ్నకి జవాబు ఆ నాలుగు రీడింగుల్లో లేదు. కాలు వరకే నిశితంగా చదివేలా పెట్టారు వాటిని. నడుము, భుజాలు, వెన్ను కూడా చదవాలంటే నలభై బిళ్లలు అతికించి ఇంకో రీడింగు తీయాలి.

"తీద్దాం," అన్నాను. "ఇప్పుడే తీయండి."

హైమవతి నా ముందు స్టూలు మీద కూర్చుంది. "మీరు మొదటిరోజు రెండు సెకండ్లు నిలబడ్డారు. ఈ రోజు ఆరు. ఎందుకో తెలుసా? పలక మిమ్మల్ని అంచు దాకా తీసుకెళ్లి కాపాడిన ప్రతిసారీ కాలు కొంచెం నేర్చుకుంటోంది. మేం దీన్ని పరీక్ష కోసం చేశాం. తీరా చేశాక తెలిసింది, పరీక్షే వైద్యం కూడా అని. ఇంకొక్కసారి నిలబడితే మీ కాలు కుదురుకుంటుంది. ఇక మడతపడదు."

"మంచిదేగా?"

"మడతపడకపోతే జాడ ఉండదు. మేం చదివాక అది చెరిగిపోతుంది. మీకా బరువు మళ్లీ రాదు."

అంటే ఒక్కటే మిగిలింది. సత్తిని ఎవరు తీసుకున్నారో తెలుసుకోవాలంటే సత్తిని ఇచ్చేయాలి.

ఇంటికొచ్చేశాం. మూడురోజులు రాజేశ్వరి నాతో అవసరమైన మాటలే మాట్లాడింది. అన్నం తిను. మందు వేసుకో. నాలుగోరోజు పొద్దున్న ఆమె పంపు దగ్గర ఉండగా నేను మేడమెట్లు ఎక్కాను. కావాలనే. దిగేటప్పుడు మూడో మెట్టు దగ్గర కమ్మీ వదిలేసి ఎడమకాలి మీద బరువు పెట్టాను. కాలు కొద్దిగా వణికింది. వచ్చింది సత్తి. కానీ పల్చబడి వచ్చింది. రెండేళ్ల పిల్లలా లేదు, తడిబట్ట భుజం మీద వేసుకున్నట్టుంది.

"ఏం చేస్తున్నావే అమ్మా!"

రాజేశ్వరి బిందె వదిలేసి వచ్చి నన్ను పట్టుకుంది. ఇద్దరం మెట్టు మీదే కూర్చుండిపోయాం. బిందె దొర్లుకుంటూ గేటు దాకా పోయింది.

"అమ్మమ్మ ఆఖరి రోజుల్లో కూడా కిందే పడుకునేది," అంది రాజేశ్వరి. "చలికాలం. గచ్చు మీద. మంచం ఎక్కమని నేను కాళ్లు పట్టుకుని బతిమాలాను. నువ్వు పక్కనే ఉన్నావు. ఒక్క మాటైనా చెప్పలేకపోయావా?"

"చెప్పలేకపోయాను."

"ఎందుకు?"

"భయమేసింది. మొదట అమ్మ కొడుతుందని. తర్వాత అమ్మ ఏడుస్తుందని. ఆ తర్వాత, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటుందని."

రాజేశ్వరి లేచి వెళ్లి గేటు దగ్గర బిందె తెచ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని, "పిన్నిని ఉంచుకుంటావా, ఏమైందో కనుక్కుంటావా? ఇప్పుడే చెప్పు. నువ్వు మళ్లీ ఈ మెట్లెక్కి దాన్ని పిలిచావంటే అదీ అరిగిపోతుంది, నీ ఎముకలూ అరిగిపోతాయి," అంది.

అది నిజమే. దాచుకున్నా తరిగిపోతోంది.

"ఆటో పిలువు," అన్నాను.

*

హైమవతి ఆ మూడురోజులూ ఊరికే కూర్చోలేదు. ఆఖరి రీడింగు వస్తే దాన్ని దేంతో పోల్చాలి? చంకలోంచి పిల్ల మూడు రకాలుగా పోవచ్చు. జారిపోవచ్చు, నీరు లాగేయవచ్చు, మనిషి ఎత్తుకోవచ్చు. మూడింటికీ నడుం మీద ఎలాంటి జాడ పడుతుందో ముందు చూడాలి. కాలేజీలో నీళ్లలో వ్యాయామం చేయించే తొట్టి ఉంది, నడుంలోతుది. సాల్మన్ ముందు తొమ్మిదిన్నర కిలోల బియ్యం మూట కట్టి తెచ్చాడట. ఎటు లాగినా ఒకే గీత వచ్చిందట.

"మూట పట్టుకోదు కదండీ," అన్నాను నేను. "పిల్లయితే పట్టుకుంటుంది."

సాల్మన్ నన్నొకసారి, హైమవతినొకసారి చూసి బయటికి పరుగెత్తాడు. అరగంటలో కూతుర్ని తీసుకొచ్చాడు. పేరు గ్లోరీ. రెండేళ్ల రెండు నెలలు. బరువు తూచితే పది కిలోల వంద గ్రాములు. వచ్చీ రాగానే హైమవతి కళ్లద్దాలు లాగేసింది.

నా రీడింగు వృథా కాకూడదు గనుక రాజేశ్వరి నీళ్లలోకి దిగింది, ఒంటినిండా బిళ్లలతో. గ్లోరీని చంకనెత్తుకుంది. గ్లోరీకి నీళ్లంటే పండగలా ఉంది.

"మొదట జారవిడవండి," అంది హైమవతి.

"ఎలా జారవిడుస్తానండీ! చెయ్యి రావట్లేదు," అంది రాజేశ్వరి.

"నేనిక్కడే ఉన్నానక్కా, కింద చేతులు పెట్టాను, వదులు," అన్నాడు నీళ్లలో కూర్చున్న సాల్మన్. రాజేశ్వరి కళ్లు మూసుకుని చెయ్యి సడలించింది. గ్లోరీ కిలకిలా నవ్వుతూ తండ్రి చేతుల్లో పడింది. తెర మీద బరువు గీత కిందికి దిగి ఆగిపోయింది. నున్నగా, ఏ వంకరా లేకుండా.

రెండోసారి పక్కనుంచి గౌను పట్టుకుని నెమ్మదిగా లాగాడు, నీటి ప్రవాహంలా. గీత పక్కకి వంగింది.

మూడోసారి సాల్మన్ తొట్టి గట్టెక్కి, పైనుంచి వంగి, గ్లోరీ చంకల కింద చేతులు వేసి ఎత్తబోయాడు. అప్పటికి గ్లోరీకి రాజేశ్వరి నచ్చేసింది. "నాన్న వద్దు!" అని అరిచి, రెండు మోకాళ్లతో రాజేశ్వరి నడుం నొక్కి, రెండు చేతులతో జాకెట్టు పట్టుకుని వేలాడింది. సాల్మన్ లాగుతున్నాడు. రాజేశ్వరి కూడా మునివేళ్ల మీదకి లేచింది. ఒక క్షణం తండ్రీ, పిల్లా, మా అమ్మాయీ ముగ్గురూ ఒకే తీగలా సాగారు. తర్వాత పిల్ల ఊడివచ్చింది.

"మూపురం!" అంది హైమవతి.

తెర మీద బరువు గీత పడిపోయే ముందు పైకి ఒక గూను తీసింది. ఎద్దు మూపురంలా. పిల్ల మనల్ని పట్టుకుని ఉన్నంతసేపూ, పిల్లని లాగేవాళ్లు మనల్ని కూడా కొంచెం పైకి లేపుతారు. అదీ దాని అర్థం. జారిపోతే మూపురం రాదు. నీళ్లు లాగితే మూపురం పక్కకి వస్తుంది. మనిషి ఎత్తుకుంటేనే అది నిట్టనిలువుగా పైకి లేస్తుంది.

"ఇక మీ వంతు," అంది హైమవతి నాతో. "ఇష్టమైతేనే."

పలక ఎక్కాను. నలభై బిళ్లలు. పట్టీ బిగించారు. ఎడమకాలి మీద నిలబడి, కుడికాలు ఎత్తి, కళ్లు మూసుకునే ముందు నేను ఎడమ తుంటిని కొంచెం పక్కకి నెట్టాను. కూర్చోవడానికి దానికి చోటుండాలని.

పలక వంగడం మొదలుపెట్టింది. ఒకటి. రెండు. మూడు. ఏమీ రాలేదు. నాలుగు. అరిగిపోయిందా? మెట్ల మీద నేనే పాడుచేశానా? ఐదు. ఆరు. అప్పుడు వచ్చింది. పల్చగా కాదు, మొత్తం పిల్లంతా వచ్చింది. తడిగౌను, నా మెడకి తగిలిన ముక్కు, నడుం చుట్టూ బిగుసుకున్న చిన్న చిన్న మోకాళ్లు. ఎప్పుడూ కాలు మడతపడే భయంలో గమనించలేదు గానీ ఆ మోకాళ్లు బిగుసుకుంటున్నాయి. ఇంకా ఇంకా బిగుసుకుంటున్నాయి. నా జాకెట్టు భుజం దగ్గర లాగుతోంది. నేను పైకి లేస్తున్నాను.

తర్వాత తేలికైపోయాను.

కాలు వాలలేదు. ఏడు. ఎనిమిది. తొమ్మిది. పది. పదకొండు.

"చాలు మామ్మగారూ, చాలు, దిగండి!" సాల్మన్ అరుస్తున్నాడు. కళ్లు తెరిచేసరికి ముగ్గురూ తెర ముందు ఒకరి మీద ఒకరు పడి చూస్తున్నారు. రాజేశ్వరి వెనక్కి తిరిగి, "పైకేనే అమ్మా! పైకే!" అని కేక పెట్టింది.

మూపురం నిట్టనిలువుగా ఉంది. గ్లోరీకి వచ్చినదానికంటే రెండింతలు ఎత్తు. ఒకటిన్నర సెకను పాటు సత్తి నన్ను వదల్లేదు. ఎవరో దాన్ని పైనుంచి ఎత్తుకున్నారు.

"ఇంకోటి ఉంది," అంది హైమవతి. వేలితో మూపురం అంచు తడిమింది. "ఇది నున్నగా లేదు. సాల్మన్ గట్టు మీద నిలబడి ఎత్తాడు గనుక అతని లాగుడు ఒకే తీరుగా ఉంది. ఇది లేచి, కొంచెం తగ్గి, మళ్లీ లేచింది. ఎత్తినవాళ్లు నిలబడ్డ చోటే పైకీ కిందికీ కదులుతోంది. చెట్టో, డాబానో అయితే ఇలా ఊగదు."

"నావ," అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నేనే విన్నాను. ఆ రోజు మా లంక బడి డాబా మీద చిక్కుకున్నవాళ్ల కోసం అవతలి ఒడ్డు ఏనుగువానిపాలెం నుంచి రెండు నావలొచ్చాయి. లంకలో అందరికీ తెలిసిన సంగతే. ప్రవాహానికి అవి మళ్లీ మా వైపు తిరగలేకపోయాయనీ తెలుసు. తప్పిపోయినవాళ్ల గురించి తర్వాత జనం ఆ నావలవాళ్లని అడిగారు కూడా. సత్తి గురించి మాత్రం ఎవరూ అడగలేదు. సత్తి మంచంతో పాటు పోయింది కదా. నేను చెప్పాను కదా.

జారవిడవలేదని ఆ పలక నాకు చెప్పింది. ఏం చేశానో కూడా చెప్పింది.

కాళ్లు గట్టిగానే ఉన్నాయి గానీ నేను గోడకి ఆనుకున్నాను. రాజేశ్వరి వచ్చి పక్కన ఆనుకుంది. "పిన్నికి ఇప్పుడు యాభై నాలుగుంటాయి," అంది.

*

గురువారం ఏనుగువానిపాలెం వెళ్లాం. వంతెన మీదుగా బస్సులో పోవచ్చు, కానీ రేవు దాటితే పది నిమిషాలే. యాభై రెండేళ్లుగా నేను పడవెక్కలేదు. ఒడ్డుకీ పడవకీ మధ్య వేసిన బల్ల జానెడు వెడల్పు. ఎవరు అడుగేసినా ఊగుతోంది.

రాజేశ్వరి ముందెక్కి చెయ్యి చాపింది. పడవ నడిపేవాడు నలభై ఏళ్లవాడు, లుంగీ ఎగ్గట్టుకుని మోటారు తాడు చుడుతున్నాడు.

"చూసుకోండి మామ్మగారూ, బల్ల జారుద్ది. ఎవరింటికండి?"

ఏదో చుట్టాలింటికి అనబోయాను. అలవాటైన నోరు. ఆగాను.

"నాకెవరూ తెలీదు బాబూ. యాభై రెండేళ్ల కిందట వరదలో, ఎదర లంకలో, నా చంకలోంచి మీ ఊరి నావలోవాళ్లు ఒక పిల్లని ఎత్తుకున్నారు. రెండేళ్ల పిల్ల. నా చెల్లెలు. నేనప్పుడు అబద్ధం చెప్పడంవల్ల దాని కోసం ఎవరూ రాలేదు. అడుగుదామని ఇప్పుడొచ్చాను."

పడవలో ఉన్న నలుగురూ నా వైపు తిరిగారు. అతను తాడు చుట్టడం ఆపేశాడు.

"ఆ నావల్లో ఒకటి మా పెదనాన్నదేనండి," అన్నాడు మెల్లగా. "ఆ ఏడు వరదలోంచి ముగ్గురు పిల్లల్ని ఒడ్డుకి దింపానని ఇప్పటికీ చెప్తాడండి. ఒకత్తిని గోనెసంచితో సహా లాగేనంటాడు, సంచిలో ఇంకెవరో ఉన్నట్టు అంత బరువుగా వచ్చిందంటాడు. ఆయ్, ఇంకా ఉన్నాడండి. చెవుడొచ్చింది గానీ గట్టిగా అడిగితే చెప్తాడు. ఎక్కండి, ఎక్కండి."

రాజేశ్వరి చెయ్యి ఇంకా చాచే ఉంది. నేను అందుకోలేదు. ఎడమకాలు బల్ల మీద పెట్టాను. బల్ల ఊగింది. నీళ్లు ఊగాయి. కాలు ఊగలేదు. చంకలో ఏ బరువూ రాలేదు.

రెండో అడుగు వేస్తూ చూసుకున్నాను. నా ఎడమ తుంటి ఎవరూ చెప్పకుండానే పక్కకి జరిగి ఉంది.